నాన్న బొమ్మైపోయాడు

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో మా గది. నాలుగు మంచాలు, ఒక ఏసీ, ఒక కిటికీ. ఆ కిటికీ ఎప్పుడూ తెరవం, తెరిస్తే ఎదురు వర్క్‌షాప్ దుమ్మంతా మా అన్నంలోనే. నేను అల్యూమినియం పనులు చేసే కంపెనీలో స్టోర్‌కీపర్‌ని. ఆరింటికి డ్యూటీ దిగి ఏడింటికి గదికి చేరేసరికి రాజంపేటలో ఎనిమిదిన్నర. పాప పడుకునేలోపు నాకు దొరికేది ఆ అరగంటే.

ఫోన్ ఉంది కదా అంటారు. ఇక్కడ వాట్సాప్ కాల్స్ పనిచేయవు, బోటిమ్ లాంటి కాలింగ్ యాప్‌లతో సర్దుకోవాలి. పైగా పాప ఎక్కాల నోట్‌బుక్ కెమెరా ముందు పెడితే ఫోన్‌లో నాకు అంకెలు కనబడవు. అందుకే ఊరికి వెళ్లిపోతున్న ఒకాయన దగ్గర సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్ కొన్నాను. నెలాఖరు స్టాక్ లెక్కలు కూడా దాంట్లోనే.

మూడు నెలలు బుద్ధిగా నడిచింది. ఆ తర్వాత, మాట్లాడుతుండగానే తెరంతా నీలం. పైన ఒక ఏడుపుమొహం, కింద సున్నా నుంచి వందదాకా శాతం లెక్క, దానంతటదే రీస్టార్ట్. అవతల మా ఆవిడ ఫోన్‌లో నేను నోరు తెరిచి అలాగే ఆగిపోయేవాణ్ణట. "అమ్మా, నాన్న మళ్లీ బొమ్మైపోయాడు" అనేదట పాప.

షాపులో చూపిస్తే విండోస్ చెడిపోయిందని వంద దిర్హామ్‌లు తీసుకుని కొత్తగా ఎక్కించారు. వందంటే ఇంటికి పంపే డబ్బులో రెండు వేల పైచిలుకు. నాలుగో రోజు మళ్లీ నీలం. తిరిగి తీసుకెళ్తే ఈసారి మదర్‌బోర్డు పోయిందన్నారు. ఇంకో వారం ఆగితే నేనే పాడైపోయానంటారేమో అనిపించింది.

మా గదిలో జగిత్యాల తమ్ముడొకడు ఉన్నాడు, ఏసీ టెక్నీషియన్. "అన్నా, బందయ్యే ముందు అది ఏదో రాస్తున్నది గదా, సదివినవా?" అన్నాడు. నిజమే. ఏడుపుమొహాన్ని చూసి తిట్టుకోవడమే తప్ప కింద సన్నగా ఉండే స్టాప్ కోడ్, అంటే ఎందుకు ఆగిందో చెప్పే పేరు, ఎన్నడూ చదవలేదు. ఆ రోజు నుంచి స్టాక్ రిజిస్టర్‌లాగే తేదీ, టైమ్, కోడ్ రాసిపెట్టాను. ఒకరోజు 'మెమరీ మేనేజ్‌మెంట్', ఇంకోరోజు 'పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా', మరోరోజు 'ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్'. డ్రైవర్, అంటే లోపలి భాగాల్ని నడిపించే ప్రోగ్రామ్, ఒక్కటే పాడైతే మామూలుగా అదే ఫైల్ పేరు మళ్లీ మళ్లీ వస్తుంది. రోజుకో సాకు చెబుతోందంటే ముందు ర్యామ్‌ని, అంటే పని జరిగేటప్పుడు లెక్కలన్నీ తాత్కాలికంగా దాచుకునే మెమరీ ముక్కని, అనుమానించాలి. విండోస్ మార్చినా జబ్బు పోలేదంటే మరీను.

విండోస్‌లోనే ఉండే మెమరీ డయాగ్నస్టిక్ నడిపితే అంతా బాగుందని చెప్పింది. నేను నమ్మేవాణ్ణే, తమ్ముడు నమ్మలేదు. శనివారం రాత్రి పెన్‌డ్రైవ్‌లో మెమ్‌టెస్ట్86 అనే ర్యామ్ పరీక్ష ప్రోగ్రామ్ ఎక్కించి వదిలేసి పడుకున్నాం. పొద్దున లేచి చూస్తే తెర మీద ఎర్ర గీతలు. ఆ పరీక్షలో ఒక్క తప్పు వచ్చినా ఎక్కువే, మాకు వందల్లో వచ్చాయి.

ఆదివారం సెలవు. చార్జర్ పీకేసి, మంచం ఇనప కాలు ముట్టుకుని ఒంట్లో స్టాటిక్ వదిలించుకుని, వెనక మూత విప్పి ముందు బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాం. ఫ్యాన్ మీద దుమ్ము గోనెపట్టాలా పేరుకుంది. లోపల రెండు ర్యామ్‌లు: ల్యాప్‌టాప్‌తో వచ్చిన నాలుగు జీబీది, అమ్మినాయన తర్వాత తగిలించిన ఎనిమిది జీబీది. బంగారు రంగు అంచుల్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది మళ్లీ పెట్టాం. పరీక్ష మళ్లీ నడిపితే ఎర్ర గీతలు అలాగే ఉన్నాయి.

"ఒక్కొక్కటి పక్కకు పెట్టుకుంట చూడాలె అన్నా, ఏసీ అయినా గంతే" అన్నాడు. నాలుగు జీబీది ఒక్కటే పెడితే రెండు స్లాట్లలోనూ నిక్షేపంలా ఉంది. ఎనిమిదిది ఏ స్లాట్‌లో పెట్టినా ఎరుపే. అంటే మదర్‌బోర్డుకు ఏ రోగమూ లేదు. ఇది తేల్చడానికే సాయంత్రమైంది, మధ్యాహ్నం తిన్నది పక్క గదివాళ్లు పెట్టిన బిర్యానీ.

కొత్త ఎనిమిది జీబీ ర్యామ్‌కి అప్పుడు డెబ్భై దిర్హామ్‌లు అయ్యాయి. పాడైనదాన్ని తమ్ముడు తన తాళంచెవికి తగిలించుకున్నాడు.

ఆ రోజు కాల్ నలభై నిమిషాలు నడిచింది. పాప పదమూడో ఎక్కం ఎత్తుకుంది. "పదమూడార్లు డెబ్భై ఎనిమిది, పదమూడేళ్లు..." అంటుండగా రాజంపేటలో కరెంటు పోయింది, వైఫై ఆగింది. తెర మీద నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. ఈసారి బొమ్మ తనే.