వేవ్ ఫైలు హెడర్ ఎప్పుడూ 44 బైట్లే ఉండదు

ఆస్టరిస్క్ ఫోన్ సర్వరు రాసే ఎస్‌ఎల్‌ఎన్ ఫైలును మామూలు ప్లేయర్‌లో తెరిస్తే పలకదు. లోపల మాటంతా ఉంటుంది. అయితే సెకనుకు ఎన్ని శాంపిళ్లు (ధ్వని కొలతలు), ఒక్కో శాంపిలుకు ఎన్ని బిట్లు, మోనోనా స్టీరియోనా అని చెప్పే హెడర్ ఉండదు. 8000 హెర్ట్జ్, 16 బిట్, మోనో అని మనకు తెలుసు, ప్లేయరుకు తెలియదు. ముందు ఒక వేవ్ హెడర్ తగిలిస్తే అదే ఫైలు ఎక్కడైనా పలుకుతుంది. ఇక ఎవరో ఇచ్చిన వేవ్ ఫైలును ఆ సర్వరుకు పెట్టాలంటే తగిలించిన హెడర్‌ను పీకాలి. తగిలించడం తేలిక. తలనొప్పంతా పీకడంలోనే.

ఒకటి రెండు ఫైళ్లే అయితే స్క్రిప్టు ఎందుకు, ఆడియోను మార్చే సాక్స్ కమాండుతో ఒక్క లైనులో అయిపోతుంది. వందలకొద్దీ ఉన్నప్పుడో, హెడర్ పాడైన ఫైళ్లను బాగుచేయాల్సి వచ్చినప్పుడో బైట్ల సంగతి తెలిసి ఉండాలి.

సాదా పీసీఎం (కుదించని ఆడియో) హెడర్ లెక్క ఇది. ముందు "రిఫ్" (RIFF) నాలుగు అక్షరాలు, తర్వాత 4 బైట్లలో మొత్తం ఫైలు సైజులోంచి 8 తీసేసిన అంకె, ఆపైన "వేవ్" (WAVE) నాలుగు అక్షరాలు. అక్కడికి 12. తర్వాత ఫార్మాట్ చంక్ (చంక్ అంటే పేరు, సైజు, లోపలి సరుకు ఉన్న ముక్క): దాని పేరు 4 బైట్లు (fmt అని మూడు అక్షరాలే, నాలుగోది స్పేసు, చాలామంది దాన్ని మరిచిపోతారు), సైజు 16 అని 4 బైట్లు. లోపల ఫార్మాట్ నంబరు 1, చానెళ్ల సంఖ్య, శాంపిల్ రేటు, సెకనుకు బైట్లు, ఫ్రేముకు (అన్ని చానెళ్లకూ ఒక్కో శాంపిలు కలిపి) బైట్లు, బిట్ల సంఖ్య. వీటిలో శాంపిల్ రేటూ సెకనుకు బైట్లూ నాలుగేసి బైట్లు, మిగిలినవి రెండేసి. చివర "డేటా" (data) నాలుగు అక్షరాలు, ఆడియో సైజు 4 బైట్లు. కూడితే 44.

పది సెకన్ల ఫోను రికార్డింగు తీసుకుందాం. సెకనుకు 16000 బైట్లు కాబట్టి ఆడియో 160000. హెడర్‌తో కలిపి ఫైలు 160044, మొదటి సైజు గడిలో 160036. అంకెల్లో చిన్న బైటు ముందు రావాలి. 160000ను హెక్స్‌లో 00 71 02 00 అని రాస్తాం. ఈ నాలుగు బైట్లనే పెద్ద బైటు ముందన్న లెక్కలో చదివితే 7406080 అవుతుంది, అంటే 7 నిమిషాల 42 సెకన్లు. పది సెకన్ల ఫైలుకు ప్లేయరు ఇలాంటి పిచ్చి నిడివి చూపిస్తే ముందు అనుమానించాల్సింది బైట్ల వరసనే. పైథాన్ స్ట్రక్ట్ మాడ్యూల్‌లో ఫార్మాట్ స్ట్రింగు మొదట్లో "చిన్నది" గుర్తు (<) పెడితే ఈ బాధ ఉండదు. అసలు తగిలించడానికి స్ట్రక్ట్ కూడా అక్కర్లేదు. పైథాన్‌తో వచ్చే వేవ్ మాడ్యూల్‌కు చానెళ్లు, శాంపిల్ వెడల్పు, రేటు చెప్పి ఫ్రేములు రాయిస్తే హెడర్ అదే పెడుతుంది.

తగిలించే ముందు ఫైలు మొదటి నాలుగు బైట్లు 52 49 46 46 అవునో కాదో చూడాలి. అవునంటే హెడర్ ముందే ఉంది, వదిలేయాలి. ఈ తనిఖీ లేని స్క్రిప్టును పొరపాటున రెండుసార్లు నడిపితే హెడర్ మీద హెడర్ పడుతుంది, రెండోది ఆడియోలో "టక్"మని వినిపిస్తుంది.

ఇక పీకడం. చాలా స్క్రిప్టులు కళ్లు మూసుకుని మొదటి 44 బైట్లు కోసేస్తాయి. టెయిల్ కమాండుతో చేసేవాళ్లు ప్లస్ 45 ఇవ్వాలి, ఎందుకంటే అది ఎన్నో బైటు నుంచి మొదలుపెట్టాలో అడుగుతుంది. ప్లస్ 44 ఇస్తే ఒక బైటు మిగిలిపోతుంది. 16 బిట్ ఆడియోలో ఒక్క బైటు జరిగిందంటే ప్రతి శాంపిలులో పైబైటూ కిందిబైటూ తారుమారై ఫైలంతా బుస్సుమంటుంది.

లెక్క సరిగ్గా 44 కోసినా గండం తప్పదు. ఆడియో, వీడియోలను మార్చే ఎఫ్ఎఫ్ఎంపెగ్ మామూలుగా రాసే వేవ్ ఫైలులో ఫార్మాట్‌కూ డేటాకూ మధ్య తన పేరు రాసుకున్న లిస్ట్ (LIST) చంక్ ఒకటి ఉంటుంది. అది సాధారణంగా 34 బైట్లు, అంటే ఆడియో మొదలయ్యేది 78 దగ్గర. 44 కోస్తే ఇంకా 34 బైట్లు 17 శాంపిళ్లుగా మిగులుతాయి. 8000 హెర్ట్జ్‌లో అది రెండు మిల్లీసెకన్లు. ప్రతి ప్రాంప్టు (ఫోనులో వినిపించే రికార్డు మాట) మొదట్లో చిన్న "టక్", దాన్ని వెతుకుతూ జనం ఫోను లైన్లను తిట్టుకుంటారు. ఫార్మాట్ చంక్ కూడా 16 అనే ఏముంది, 18 ఉండొచ్చు, 40 ఉండొచ్చు. కొన్ని ప్రోగ్రాములు ఆ లిస్ట్‌ను డేటా తర్వాత పెడతాయి. అప్పుడు ముందు ఎంత సరిగ్గా కోసినా చివర చెత్త మిగులుతుంది.

కాబట్టి అంకెతో కోయకూడదు, చంక్‌లు దాటుకుంటూ వెళ్లాలి. 12 బైట్లు చదివి రిఫ్, వేవ్ రెండూ ఉన్నాయో చూడండి. తర్వాత 8 బైట్లు చదవండి: నాలుగు పేరు, నాలుగు సైజు. పేరు డేటా కాకపోతే ఆ సైజంత ముందుకు దూకండి. సైజు బేసి అంకె అయితే ఇంకో బైటు ఎక్కువ దూకాలి, ఎందుకంటే రిఫ్‌లో బేసి చంక్ వెనక ఒక ఖాళీ బైటు పెడతారు. ఈ ఒక్క బైటు మరిచిపోతే తర్వాతి పేరు ఎప్పటికీ దొరకదు. డేటా దొరికాక సరిగ్గా దాని సైజంత మాత్రమే కొత్త ఫైలులోకి కాపీ చేసి ఆగిపోండి. పైథాన్‌లో ఇది ఇరవై లైన్లు దాటదు. దారిలో ఫార్మాట్ నంబరు కూడా చూడండి. 6 అయితే ఏ-లా, 7 అయితే మ్యూ-లా (రెండూ ఫోన్లలో వాడే కుదించిన ఆడియో పద్ధతులు). వాటిని పీకి 16 బిట్ పీసీఎం అని సర్వరుకు ఇస్తే రొదే వస్తుంది.

డేటా సైజును గుడ్డిగా నమ్మడానికి లేదు. రికార్డింగు మధ్యలో కరెంటు పోతే ఆ గడిలో 0 ఉండిపోవచ్చు. పైపులోకి (ఒక ప్రోగ్రాము నుంచి నేరుగా ఇంకోదానికి) రాసిన ఫైళ్లలో 4294967295 కనిపించవచ్చు, వెనక్కి వెళ్లి దిద్దే వీలు లేదు కనుక. ఈ రెండు సందర్భాల్లో ఫైలు చివరిదాకా ఆడియోనే అనుకుని, ఫ్రేము మధ్యలో తెగిన తోక బైటుంటే వదిలేయాలి. ఫైలును అక్కడికక్కడే బాగుచేయాలంటే చదివి-రాసే బైనరీ మోడ్‌లో తెరవాలి. రాసే మోడ్‌లో తెరిచారో, తెరిచిన క్షణమే ఫైలు ఖాళీ. 4వ స్థానంలో సైజు మైనస్ 8, డేటా సైజు గడిలో దాని తర్వాత ఉన్న బైట్ల లెక్క.

దిద్దడం వేరు, ముందు చేర్చడం వేరు. ఫైలు తలలోకి బైట్లు దూర్చే వీలు లేదు, మొత్తం కొత్తగా రాయాల్సిందే. ఫైళ్లను కలిపే క్యాట్ కమాండుతో హెడర్‌నూ ఆడియోనూ కలిపి మళ్లీ అదే ఆడియో ఫైలులోకి మళ్లిస్తే క్యాట్ చదవకముందే షెల్ దాన్ని ఖాళీ చేసేస్తుంది. అదే ఫోల్డర్‌లో తాత్కాలిక ఫైలు రాసి, పూర్తయ్యాక పేరు మార్చండి. విండోస్‌లో పవర్‌షెల్ 5.1 మళ్లింపు గుర్తును (>) బైనరీకి అసలు వాడొద్దు, బైట్లను అక్షరాలనుకుని మార్చేస్తుంది.

తగిలించి, పీకి, అసలు ఫైలుతో సీఎంపీ కమాండుతో పోల్చితే అది ఏమీ అనకుండా ఊరుకోవాలి. కానీ మీ స్క్రిప్టు పెట్టిన 44ను మీ స్క్రిప్టే తీస్తే ఎప్పుడూ సరిపోతుంది. ఎఫ్ఎఫ్ఎంపెగ్‌తో చేసిన ఫైలు ఒకటి, చివర లిస్ట్ ఉన్నది ఒకటి, బేసి సైజు చంక్ ఉన్నది ఒకటి పక్కన పెట్టుకుని వాటి మీద కూడా నడిపి చూడండి.