సాయంత్రపు రొట్టె

అక్టోబరులో జర్మనీలోని డ్రెస్డెన్ చేరిన మూడో రోజు సాయంత్రం, నేనుండే ఫ్లాట్‌లోనే మరో గదిలో ఉంటున్న జర్మన్ అమ్మాయి నన్ను భోజనానికి పిలిచింది. బల్ల మీద రెండు చిన్న చెక్క పలకలు, సగం కోసిన నల్లని రొట్టె, వెన్న, చీజ్, గుండ్రటి ఎర్ర ముల్లంగులు, వెనిగర్‌లో ఊరిన దోసకాయలు ఉన్నాయి. ఒక్క ముక్క తిని, అసలు భోజనం కోసం కూర్చున్నాను. ఆమె పలకలు కడగడానికి లేచినప్పుడు గానీ అదే భోజనమని నాకు తెలియలేదు. ఆ రాత్రి ఆకలికి నిద్ర పట్టలేదు.

ఒంగోలులో మా ఇంట్లో రాత్రి వేడి అన్నం లేని రోజు నాకు గుర్తు లేదు. ఇక్కడ పాత పద్ధతి పాటించే ఇళ్లలో వండిన భోజనం మధ్యాహ్నమే. రాత్రి తినేదాన్ని ఆబెంట్‌బ్రోట్ అంటారు. ఆ మాటకు సాయంత్రపు రొట్టె అని అర్థం. మనం భోజనాన్నే అన్నం అన్నట్టు, వాళ్లు రొట్టె అంటారు.

ఇది గ్రహించడానికి నాకు రెండు నెలలు పట్టింది. అప్పటిదాకా తరగతుల నుంచి వచ్చి రాత్రి తొమ్మిదింటికి కుక్కర్ పెట్టేదాన్ని. పోపులో ఎండుమిరపకాయ వేగగానే నడవలో పొగ అలారం మోగేది. మధ్యాహ్నాలు విశ్వవిద్యాలయ భోజనశాలలో గడిచేవి. దాన్ని మెన్జా అంటారు. విద్యార్థి కార్డు ఉంటే తక్కువ ధరకే భోజనం దొరుకుతుంది. ఒకరోజు అక్కడ అన్నం కనిపించింది. సంచిలో గోంగూర పచ్చడి డబ్బా కూడా ఉంది. తీరా చూస్తే అది పాలలో ఉడికించి, పైన చక్కెర, దాల్చినచెక్క పొడి చల్లిన అన్నం. చుట్టూ అందరూ దాన్నే మధ్యాహ్న భోజనంగా తింటున్నారు. డబ్బా మూత తీయలేదు. ఇంటి మీద బెంగ నన్ను అంతగా కుంగదీసిన రోజు మరొకటి లేదు.

డిసెంబరులో నాలుగున్నరకే చీకటి పడుతుంది. అలాంటి ఒక సాయంత్రం ఆ అమ్మాయి నన్ను రొట్టెల దుకాణానికి తీసుకెళ్లింది. రై అనే ధాన్యపు పిండితో చేసే ఆ నల్ల రొట్టెను ఎలా పులియబెడతారో దారిలో చెప్పింది. పులిసిన పిండిలో కొంత తీసి దాచి, దాన్ని తర్వాతి పిండిలో కలుపుతారట. వింటుంటే పెరుగుకు తోడు వేయడం గుర్తొచ్చింది. మా అమ్మ ఆఖరి గరిటెడు పెరుగును ఎవరికీ వడ్డించకుండా తోడుకు దాచేది.

ఇంటికొచ్చాక ఆమె క్వార్క్ తీసింది. అది గుడ్డలో వడగట్టిన పెరుగులా చిక్కగా ఉంటుంది. అందులో ఉప్పు, సన్నగా తరిగిన ఉల్లిపాయ కలిపి రొట్టె మీద మందంగా రాసింది. మొదటి ముక్కను మెల్లగా నమిలాను. పులుపు, పెరుగు చల్లదనం, పంటికి తగిలే పచ్చి ఉల్లిపాయ. వేసవి సెలవుల్లో అమ్మమ్మ పెట్టిన చద్దన్నం! నా కళ్లలో నీళ్లు చూసి ఆమె కంగారుపడింది. నాకొచ్చిన కాస్త జర్మన్‌లో చద్దన్నం గురించి చెప్పడానికి చాలాసేపు పట్టింది.

అప్పటి నుంచి ఇక్కడి తిండిని నిజంగా రుచి చూడటం మొదలుపెట్టాను. ఉడికించిన బంగాళాదుంపలతో క్వార్క్, అవిసె నూనె కలిపి తింటారు, అది నాకు చాలా ఇష్టం. బంగాళాదుంప, క్వార్క్ కలిపి వేయించే క్వార్క్‌కొయిల్‌షెన్ ఈ సాక్సనీ ప్రాంతపు వంటకం, ఆపిల్ గుజ్జుతో తింటారు. ఒకే బల్ల దగ్గర కూర్చున్నవాళ్లందరికీ పళ్లెం వచ్చేదాకా ఎవరూ మొదలుపెట్టకపోవడం కూడా నాకు నచ్చింది.

మే నెలలో ఒక రాత్రి అన్నంలో పాలు పోసి తోడు వేసి ఉంచాను. పొద్దున ఆమె గిన్నెడు తిని, మళ్లీ పెట్టమంది. అడక్కుండానే ఉల్లిపాయ కొరుక్కుంది.

ఆదివారం చాలా దుకాణాలు మూసి ఉంటాయి కనుక శనివారమే రొట్టె తెచ్చుకుంటాను. ముక్కలు కోసివ్వమంటారా అని దుకాణంలో అడుగుతారు. కోయకపోతే ఎక్కువ రోజులు మెత్తగా ఉంటుంది. వద్దని చెప్పి, సగం రొట్టె అలాగే సంచిలో వేసుకుంటాను.