‘ఏమో’ని ఇంగ్లీషులో ఏమని టైపు చెయ్యాలి?

ఎనిమిదేళ్ల పిల్లలెవరూ ‘సుమారు’ అనరు. కానీ ఆ పాప పోలీసు స్టేట్‌మెంట్‌లో ‘సాయంత్రం సుమారు 4 గంటలకు’ అనే ఉంది.

సర్వీసు చివర్లో కొన్నేళ్లు పిల్లలపై లైంగిక నేరాలు విచారించే పోక్సో కోర్టులో స్టెనోగా చేశాను. ఊరు, వయసు, వావి మార్చి రాస్తున్నాను. ఆ పాపను ఎవరూ గుర్తుపట్టకూడదు. చట్టమూ అదే చెబుతుంది, చెప్పకపోయినా అలాగే రాసేదాన్ని.

ఆ రోజు జడ్జి గారు బెంచి దిగి ఛాంబర్లో మామూలు కుర్చీలో కూర్చున్నారు. ముద్దాయి తెర వెనకాల ఉన్నాడు. అమ్మ కూడా సాక్షే కావడంతో బయట వరండాలో ఉండిపోయింది. పాప పక్కన సపోర్ట్ పర్సన్ కూర్చుంది. ముందు పేరు, బడి, టీచరు గురించి అడిగారు. తర్వాత, “అబద్ధం చెబితే ఏమవుతుంది తల్లీ?”

“కళ్ళు పోతాయి.”

పన్నెండేళ్ల లోపు పిల్లలకు ప్రమాణం అంటే ఏమిటో తెలియకపోయినా, నిజం చెప్పాలన్న సంగతి తెలిస్తే చాలు, సాక్ష్యం తీసుకోవచ్చు. జడ్జి గారు ఆ మేరకు ఇంగ్లీషులో డిక్టేట్ చేశారు. కళ్ళు పోయే సంగతి కాగితం మీదకు రాలేదు.

చీఫ్‌లో, అంటే ప్రాసిక్యూషన్ తరఫున అడిగేటప్పుడు, పాప మొదటి మాటే “నాతో అసభ్యంగా ప్రవర్తించాడు” అంది. డిఫెన్సు లాయరు గారు తలెత్తి చూశారు. నేర్పించి తెచ్చారనడానికి అంతకన్నా ఏం కావాలి? జడ్జి గారు అడిగారు: “ఆ మాట ఎవరు చెప్పారమ్మా?”

“పోలీసక్క అట్లా రాసింది.”

“నువ్వు నీ మాటల్లో చెప్పు.”

అప్పుడు చెప్పింది. గేటు గొళ్ళెం తనకు అందలేదంది. ఏడుస్తూ పరిగెత్తితే ఒక చెప్పు అక్కడే ఉండిపోయిందంది. మిగతాది ఇక్కడ రాయను.

క్రాస్‌లో, అంటే డిఫెన్సు ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు, లాయరు పిల్లను నేరుగా అడగకూడదు. ప్రశ్న జడ్జికి చెబితే జడ్జే అడుగుతారు. “పోలీసులకు 4 గంటలని చెప్పావు, ఇవాళ సీరియల్ వచ్చేటప్పుడు అంటున్నావు, ఏది నిజం?” అన్నది ప్రశ్న. జడ్జి గారు ముందు “నీకు టైము చూడ్డం వచ్చా?” అని అడిగారు. పెద్ద ముల్లు పన్నెండు మీదుంటేనే వచ్చట.

తర్వాతి ప్రశ్న: “అరిచావా?” చాలాసేపు ఊరుకుని “ఏమో” అంది.

నా వేళ్ళు ఆగిపోయాయి. ‘ఏమో’ అంటే తెలియదనా, గుర్తులేదనా, అడగొద్దనా? ఇంగ్లీషులో ఏది కొట్టినా రేపు హైకోర్టులో అదే ఆ పాప మాట. అక్కడ చదివేవాళ్ళకు ఆ మొహం కనబడదు. జడ్జి గారు ‘ఏమో’ని తెలుగులోనే ఉంచమన్నారు. సాక్షి తల దించుకుని చాలాసేపు మౌనంగా ఉందని పక్కన రాయించారు. సాక్షి తీరును అలా రాయించడానికి పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీలో 280వ సెక్షన్ ఉండేది. నేను చూసినంతలో దాన్ని వాడినవాళ్ళు తక్కువ.

బాధితురాలి మాట ఒక్కటే నమ్మదగ్గదైతే శిక్షకు సరిపోతుందన్నది కొత్త సంగతేం కాదు. 1951 చివర్లో తీర్పు వచ్చిన రామేశ్వర్ కేసులో కూడా పాపకు ఎనిమిదేళ్లే. వేరే బలపరిచే సాక్ష్యం తప్పనిసరని చట్టంలో లేదు, కాకపోతే ఆ జాగ్రత్త జడ్జి మనసులో ఉండాలని సుప్రీంకోర్టు అంది. చిన్న చిన్న తేడాలు పట్టుకుని బాధితురాలి మాట తోసెయ్యకూడదని 1996లో గుర్మీత్ సింగ్ కేసులో చెప్పింది. ఈ రెండిటి పేరా నేను కళ్ళు మూసుకుని కొట్టగలను. పోక్సోలో నేరం చేశాడనే భావించాలన్న 29వ సెక్షన్ ఉంది కదా అంటారు. దానికి ముందు అసలు సంఘటన జరిగిందని ప్రాసిక్యూషన్ చూపించాలి.

అందరు పిల్లల మాటా ఒకేలా తూగదు. ఇంకో కేసులో, రెండిళ్ళ మధ్య స్థలం తగాదా ఉంది. పాప ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పింది. మధ్యలో ఆపి అడిగితే మళ్ళీ మొదటినుంచి మొదలెట్టింది. “ఎవరు చెప్పమన్నారు?” అంటే “మామయ్య” అంది. కేసు కొట్టేశారు. అదీ సబబే అనిపించింది నాకు.

మొదటి కేసులో వాదనంతా ఆ చెప్పు మీద నడిచింది. పోలీసు స్టేట్‌మెంట్‌లో చెప్పు లేదు, మేజిస్ట్రేటు ముందిచ్చిన 164 సెక్షన్ వాంగ్మూలంలోనూ లేదు. కాబట్టి తర్వాత కల్పించిందని డిఫెన్సు. కానీ రెండో సాక్షిగా వచ్చిన అమ్మ, ఎవరూ అడక్కుండానే, “ఒంటి చెప్పుతో వస్తే ఎక్కడ పారేశావే అని తిట్టానండీ ముందు” అని ఏడ్చింది. శిక్ష పడింది. తీర్పులో ఆ చెప్పుకే ఒక పేజీ పట్టింది.

దర్యాప్తు అధికారి క్రాస్ కూడా నేనే టైపు చేశాను.

“చెప్పు గురించి పాప మీకు చెప్పిందా?”

“చెప్పలేదండీ.”

అంతటితో డిఫెన్సు వారు కూర్చున్నారు. ప్రాసిక్యూషన్ లాయరు పీపీ గారు రీ-ఎగ్జామినేషన్‌కి లేచి ఒకటే అడిగారు.

“మీరు అడిగారా?”

“లేదండీ.”