9.8 రాకపోతే

మన ఫిజిక్స్ ల్యాబ్‌లో ఏ బ్యాచ్ రికార్డు తిరగేసినా లఘులోలకం ప్రయోగం చివర g విలువ (గురుత్వ త్వరణం, అంటే కింద పడే వస్తువు వేగం సెకనుకు ఎంత పెరుగుతుందో) 9.8 అనే ఉంటుంది. జవాబు ముందే తెలుసు కాబట్టి రీడింగులే దానికి తగ్గట్టు సర్దుకుంటాయి. సిలబస్‌లో లేని ఒక మంచి ప్రశ్న ఆ సర్దుబాటులోనే మాయమైపోతుంది. ఇప్పుడు ఆ బల్లల ముందు నిలబడేవాళ్ల కోసం దాని గురించి నాలుగు మాటలు.

లోలకం పొడవు 100 సెంటీమీటర్లు ఉంటే 20 డోలనాలకు (ఒకసారి వెళ్లి తిరిగొస్తే ఒక డోలనం) 40.1 సెకన్లు పట్టాలి. మీకు 38.1 వచ్చి, లెక్కలో g విలువ 10.88 తేలిందనుకోండి. గుండు వదలగానే ‘ఒకటి’ అన్నారన్నమాట. అప్పటికి ఒక్క డోలనం కూడా పూర్తి కాలేదు, ‘సున్నా’ అనాలి. 20 అనుకున్నవి నిజానికి 19. కాలంలో 5 శాతం తేడా g దగ్గరికి వచ్చేసరికి రెట్టింపు దాటుతుంది, అక్కడ కాలాన్ని వర్గం చేస్తాం కాబట్టి. దారాన్ని 99 సెంటీమీటర్లు కొలిచి, గుండు వ్యాసార్ధం ఒక సెంటీమీటరు కలపడం మరిచిపోతే 9.7 వస్తుంది. గుండును 30 డిగ్రీల దాకా లాగి వదిలితే ఆవర్తన కాలం (ఒక డోలనానికి పట్టే సమయం) 1.7 శాతం పెరిగి g విలువ 9.5 కిందికి జారుతుంది. స్టాప్‌వాచ్‌ను గుండు చివరికెళ్లి ఆగే చోట నొక్కేవాళ్లు చాలామంది. అక్కడ అది నెమ్మదిస్తుంది, ఏ క్షణాన తిరిగిందో కంటికి తెలియదు. నడిమధ్య గీత దాటేటప్పుడు నొక్కాలి.

ఇంతవరకు ప్రాక్టికల్స్ సంగతి. అసలు ప్రశ్న ఇది: 10.88 వచ్చినప్పుడు, పొడవు, కాలాల నుంచి g ని తేల్చే సూత్రమే తప్పని ఒక్కరూ అనరెందుకు? లెక్కపెట్టినవాణ్ని, దారాన్ని, వాచీని అనుమానిస్తాం గానీ సూత్రం జోలికి పోం. ప్రయోగంలో పరీక్షకు నిలబడేది ఒక్క సూత్రమే కాదని, పరికరాల గురించీ పరిస్థితుల గురించీ మనం నమ్మేవన్నీ దానితోపాటే నిలబడతాయని ఫ్రెంచి భౌతికశాస్త్రవేత్త పియర్ డ్యుయెమ్ 20వ శతాబ్దం మొదట్లోనే వాదించాడు. ఫలితం తేడా వస్తే, ఆ గుంపులో ఎక్కడో తప్పుందని మాత్రమే తెలుస్తుంది. దొంగెవరో తెలియదు.

1672లో ఫ్రెంచి ఖగోళశాస్త్రవేత్త జాన్ రిషే పారిస్ నుంచి దక్షిణ అమెరికాలో భూమధ్యరేఖ దగ్గర ఉన్న కయెన్‌కు వెళ్లి చూస్తే లోలకం గడియారం రోజుకు రెండున్నర నిమిషాలు వెనకబడింది. ఎండకు కడ్డీ సాగి ఉంటుందన్న అనుమానం సహజమే. కానీ లెక్క వేసి చూడండి. అంత వెనకబడాలంటే పొడవు 0.35 శాతం పెరగాలి. ఇనుప కడ్డీ అంత సాగడానికి వేడి దాదాపు 290 డిగ్రీలు పెరగాలి. ఏ ఊళ్లోనూ అంత ఎండ కాయదు. ఈసారి గడియారం నిర్దోషి, అక్కడ g యే తక్కువ. యురేనస్ దారి తప్పినట్టు కనిపించినప్పుడు న్యూటన్ గురుత్వాకర్షణ సిద్ధాంతాన్ని వదలకుండా మరో గ్రహాన్ని ఊహించారు. 1846లో నెప్ట్యూన్ దొరికింది. బుధుడి కక్ష్యలో శతాబ్దానికి 43 ఆర్క్ సెకన్ల (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) తేడాకూ అదే ఎత్తు వేశారు. ఊహించిన గ్రహం ఎంత వెతికినా దొరకలేదు. 1915లో ఐన్‌స్టీన్ ఆ న్యూటన్ సిద్ధాంతాన్నే మార్చాల్సి వచ్చింది. రెండుచోట్లా ఆలోచన ఒకటే, ఫలితాలు మాత్రం తలకిందులు.

మరి ల్యాబ్‌లో దొంగను పట్టడమెలా? ఒక్కొక్క అనుమానాన్నీ విడిగా కదిలించి చూడాలి. 20 బదులు 50 డోలనాలు తీయండి. లెక్కింపులో తప్పుంటే 10.88 కాస్తా 10.2కు దిగుతుంది. వేరే తప్పయితే దిగదు. వ్యాసార్ధం మీద అనుమానముంటే దారం పొడవును 60 నుంచి 120 సెంటీమీటర్ల దాకా మారుస్తూ, దారం పొడవుకూ ఆవర్తన కాల వర్గానికీ గ్రాఫు గీయండి. గీత మూలబిందువు గుండా పోకుండా కాస్త పైన నిలువు అక్షాన్ని ఖండిస్తుంది. దాన్ని వెనక్కి పొడిగిస్తే అడ్డం అక్షాన్ని సున్నాకు ఎడమవైపు ఎంత దూరంలో తాకుతుందో, మీరు మరిచిపోయిన వ్యాసార్ధం అంతే. వాలు మాత్రం చెడదు. g ని దాన్నుంచే తీయండి.

ఆ 38.1ని రబ్బరుతో చెరపకండి. ఒక్క గీత కొట్టి, పక్కన ‘19 డోలనాలే’ అని రాయండి.