బీరువా మీద దుప్పటి

డాలస్‌లో ఒక సరుకు రవాణా కంపెనీలో లెక్కలు చూడటం నా ఉద్యోగం. రోజూ కదిలే లోడ్ల జాబితా గూగుల్ షీట్స్‌లో ఉంటుంది. ఏ లోడు ఎక్కడిదాకా వచ్చిందో మాదాపూర్‌లోని కాంట్రాక్టు బృందం అందులో నింపుతుంది. నేను కూకట్‌పల్లిలో పెరిగినవాణ్ణి కాబట్టి, మీ ఊరివాళ్ళే కదా నువ్వే చూసుకో అని మా మేనేజరు ఆ ఫైలు నాకు అంటగట్టాడు.

మొదట్లో పద్ధతిగానే ఉన్నాను. మెయిలు చిరునామాలు అడిగి పేరు పేరునా చేర్చేవాణ్ణి. కానీ అక్కడ నెలకొకరు మారేవారు. కొత్తగా చేరినవాళ్ళు ఉదయం 10 గంటలకు ఫైలు తెరవబోయి అనుమతి అడిగితే, ఆ మెయిలు వేసవిలో నాకు రాత్రి 11:30కి వచ్చేది. నేను లేచి ఒప్పుకునేదాకా వాళ్ళు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చోవాల్సిందే. ఒక రాత్రి విసుగొచ్చి, లింకు ఉంటే చాలు ఎవరైనా మార్పులు చేయవచ్చని సెట్టింగు మార్చి పడుకున్నాను. మర్నాటి నుంచి ఫైలు పై మూలలో పేర్లకు బదులు ఏవేవో జంతువుల బొమ్మలు. పేరుతో చేర్చని మనుషులు లింకుతో వస్తే గూగుల్ అలాగే చూపిస్తుంది. ఎవరు మాదాపూర్ అమ్మాయో, ఎవరికి ఆ లింకు చేతులు మారి చేరిందో చెప్పే దారి లేదు. నాకు మాత్రం హాయిగా నిద్ర పట్టేది.

అదే ఫైలులో 'రేట్లు' అని ఇంకో షీటు ఉంది. మాదాపూర్ వాళ్ళకు గంటకు ఎంత ఇస్తున్నామో, అదే పని చేసే మనీలా వాళ్ళకు ఎంత ఇస్తున్నామో అందులో ఉంటుంది. దాన్ని దాచేశాననే ధైర్యం నాది. ఎడమ మూలన మూడు గీతల గుర్తు నొక్కితే దాచిన షీట్ల పేర్లు కూడా వెలిసిన అక్షరాలతో కనిపిస్తాయి. ఎడిటర్ హక్కు, అంటే మార్పులు చేసే హక్కు, ఉన్నవాళ్ళు ఆ పేరు మీద నొక్కితే షీటు పైకి వచ్చేస్తుంది. కొత్తగా వచ్చిన కుర్రాడు సరిగ్గా అదే చేశాడు.

బృందం నాయకురాలు ఫోన్ చేసింది. "సార్, ఏమీ అనుకోకండి. మాకు చూపించకూడని షీటేదో బయటపడింది. మళ్ళీ దాచేశాను. మేము చూడలేదనే అనుకోండి."

చూశారు. వాళ్ళ రేటే తక్కువ. ఆమె ఆ మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

సెలవుకు వచ్చినప్పుడు అమ్మకు ఇదంతా చెప్పాను. "బీరువాకు తాళం వేయకుండా దుప్పటి కప్పి వచ్చావన్నమాట" అంది. తిరుపతి వెళ్ళేటప్పుడు తులసికోటకు నీళ్ళు పోయమని పక్కింటి పిన్నిగారికి ఇంటి తాళంచెవి ఇచ్చి, బీరువా తాళంచెవి బొడ్లో దోపుకునే మనిషి ఆమె.

తర్వాత బుద్ధి తెచ్చుకున్నాను. చూసే హక్కు మాత్రమే ఇచ్చినా, కాపీ తీసుకోకుండా ఆపకపోతే దాచిన షీటు కాపీలో వెంట వెళ్ళిపోతుంది. గడులకు వేసే తాళం కూడా పొరపాటున చెరిపేయకుండా ఆపడానికే, దాన్ని భద్రతగా నమ్ముకోవద్దని గూగుల్ సహాయ పేజీల్లోనే ఉంది. సరే, బయటివాళ్ళకు వేరే ఫైలు పెట్టి, ఇంపోర్ట్‌రేంజ్ ఫార్ములాతో కావలసిన వరుసలే అందులోకి తెద్దామనుకున్నాను. అక్కడా ఒక మెలిక ఉంది. రెండు ఫైళ్ళను కలపడానికి ఒకసారి ఒప్పుకుంటే, కొత్త ఫైలులో ఎడిటర్లయిన ఎవరైనా అసలు ఫైలులోని ఏ భాగాన్నయినా అదే ఫార్ములాతో లాగేసుకోవచ్చు. చివరికి రేట్లను పూర్తిగా వేరే ఫైలుకు మార్చి, దానికీ దీనికీ ఏ లంకె లేకుండా చేశాను. లోడ్ల ఫైలులో మళ్ళీ పేరు పేరునా చేర్చడమే. ఈసారి వాళ్ళ నాయకురాలికి కూడా చేర్చే అధికారం ఇచ్చాను, నా నిద్ర కోసం. లోడు నంబర్ల వరుసకు మాత్రం తాళం వేసి నా దగ్గరే ఉంచుకున్నాను. మనుషులకిచ్చిన అనుమతికి గడువు తేదీ పెట్టే వీలు మా ఆఫీసు ఖాతాలో ఉంది. ఆ తేదీలు నింపుతుంటే నా హెచ్1బి వీసా గడువు కూడా ఆ ఏడాదే అని గుర్తొచ్చి చెయ్యి కాసేపు ఆగింది.

మొన్న అమీర్‌పేటలో మెట్రో మారి మాదాపూర్ వెళ్ళి వాళ్ళను కలిశాను. గేటు దగ్గర పేరు రాయించుకుని, ఫోను కెమెరా మీద స్టిక్కరు అంటించి, ఆ రోజు తేదీ వేసిన సందర్శకుల కార్డు మెడలో వేశారు. నాయకురాలు తన తెర నా వైపు తిప్పింది. మూడో లోడు నంబరు తప్పు పడింది.

"మార్చేయమ్మా" అన్నాను.

"మీరే తాళం వేశారు కదా సార్, మీరే మార్చాలి."

సెలవులో విదేశం నుంచి ఆఫీసు ఖాతా తెరవకూడదని మా కంపెనీ నియమం. గడియారం చూస్తే సాయంత్రం నాలుగు. డాలస్‌లో మేనేజరు ఇంకా నిద్ర లేచి ఉండడు. ఆమె నవ్వు ఆపుకుంటూ టీ, ఉస్మానియా బిస్కెట్లు తెప్పించింది.