పదకొండింటికి ఫోన్ చేస్తే ఎవరెత్తుతారు?

పడుకుందామని లైటు తీసేశాక కూడా ఆ కాగితమే కళ్ళ ముందు తిరుగుతోంది. మేం చేస్తున్న ఒక మందు ట్రయల్‌లో (మందును మనుషుల మీద పరీక్షించే స్టడీలో) ఒకాయన పన్నెండో నెల విజిట్ పేజీ. ట్రయల్ కాగితాలు చూసే కుర్రాడు "ఫోన్ చేశాం, ఎత్తలేదు" అని రెండు వరుసలు రాశాడు. రెండూ ఉదయం పదకొండు గంటలకే. కింద "ఆచూకీ లేదు" అన్న గడి పక్కన పెన్సిల్‌తో చిన్న చుక్క. స్పాన్సర్ (ట్రయల్ చేయించే సంస్థ) తరఫున కాగితాలు తనిఖీ చేసే మానిటర్ వచ్చేలోపు ఆ పేజీ మూసేయాలన్న తొందర అది.

ఆయనెవరో, ఏ స్టడీయో రాయను, రాయకూడదు కూడా. ప్రత్తిపాడు వైపు మనిషి, మిరప వేస్తాడు, గుండెపోటు వచ్చి స్టెంటు పడ్డాక ట్రయల్‌లో చేరాడు. ఇంతవరకు చాలు.

మిరప కోతల రోజుల్లో పదకొండింటికి రైతు ఎక్కడుంటాడో గుంటూరులో పుట్టి పెరిగినవాడికి ఒకరు చెప్పాలా? చేలో ఉంటాడు, లేకపోతే కల్లంలో కాయ ఎగదోస్తుంటాడు, అదీ కాదంటే మిర్చి యార్డులో టిక్కీల (బస్తాల) పక్కన కాటా కోసం నిలబడి ఉంటాడు. ఫోన్ ఇంట్లో చార్జింగులో ఉంటుంది. చేతిలో ఉన్నా ఆ గోలలో తెలియని నంబరు ఎత్తడు. అదే ఫోన్ పొద్దున్నే ఆరున్నరకో, రాత్రి అన్నాలప్పుడో చేస్తే ఎత్తేవాడేమో. రెండుసార్లూ ఒకే వేళకు చేసి వదిలేస్తే దాన్ని వెతకడమంటారా?

అసలు తేడా చేరిన రోజే వస్తుంది. ఇంతా చేసి, కాంటాక్ట్ షీట్‌లో ఆయన నంబరే లేదు, ఉన్నది ఒక్కటే నంబరు. అదీ కొడుకుది, అతనేమో హైదరాబాద్‌లో. మనిషి ఎదురుగా కూర్చుని ఉండగానే ఆ నంబరు డయల్ చేసి, ఎవరి జేబులో మోగిందో చూడాలి. మూడు నంబర్లు ఉండాలి. ఆయనది ఒకటి, ఇంట్లో ఇంకొకరిది ఒకటి, వేరే ఇంట్లో ఉండే దగ్గరి చుట్టానిది ఒకటి. ఆ ఇద్దరికీ ఫోన్ చేయవచ్చా అని కన్సెంట్ (ట్రయల్‌లో చేరడానికి సమ్మతి) తీసుకునేటప్పుడే అడిగి సంతకం పెట్టించుకోవాలి. అది లేకుండా ఏడాది తర్వాత బావమరిదికి ఫోన్ చేసి "మీ బావగారు మా గుండె స్టడీలో ఉన్నారండీ" అంటే ఆయన గుట్టు మనమే బయటపెట్టినట్టు. ఆధార్‌లో ఉండే పేరుతో పాటు ఊళ్ళో పిలిచే పేరు కూడా రాసుకోవాలి, ఎందుకంటే ఊళ్ళోకి వెళ్ళి ఆధార్ పేరు అడిగితే పక్కింటివాళ్ళకు కూడా తెలియదు. ఇంటి గుర్తు, ఫోన్ ఎత్తే వేళ కూడా కావాలి. ఈ షీట్ ఒకసారి నింపి ఫైల్లో పెట్టేసేది కాదు, ప్రతి విజిట్‌కూ చదివి వినిపించి సరిచూడాలి. సిమ్ములు మారిపోతుంటాయి.

మా ఆయన "ఒక్క మనిషికి ఇంత గొడవా?" అన్నారు భోజనాల దగ్గర. వేల మంది ఉన్న ట్రయల్‌లో ఒకడు లేకపోతే ఏమవుతుందని. అప్పుడు సరిగ్గా చెప్పలేకపోయాను, అన్నం కలుపుతూ చెప్పే సంగతి కాదది. ఇక్కడ రాస్తాను.

గుండెపోటు వచ్చి తగ్గినవాళ్ళకు మామూలు మందులతో పాటు, రక్తం గడ్డకట్టకుండా చూసే రివరాక్సబాన్ చిన్న మోతాదులో ఇస్తే మేలా అని ఒక పెద్ద ట్రయల్ జరిగింది, అట్లాస్ అంటారు. 15,526 మంది. ఫలితాలు 2011 నవంబరులో వచ్చాయి. గుండె, రక్తనాళాల జబ్బుతో మరణం, మళ్ళీ గుండెపోటు, పక్షవాతం, ఈ మూడూ కలిపి లెక్కేస్తే మందు వాడినవారిలో 8.9 శాతం, ప్లాసిబో (మందు లేని ఉత్తుత్తి మాత్ర) వాడినవారిలో 10.7 శాతం. 2.5 ఎంజీ రోజుకు రెండుసార్లు వేసుకున్నవాళ్ళలో మరణాలు కూడా తగ్గాయి. రక్తస్రావాలు పెరిగాయి, కానీ మరణాలు తగ్గించే మందు గుండె వైద్యంలో రోజూ దొరకదు. అయినా మందులకు అనుమతిచ్చే అమెరికా సంస్థ ఎఫ్‌డీఏ 2012లో ఒప్పుకోలేదు. ముఖ్యమైన అడ్డంకి ఏమిటంటే, దాదాపు 12 శాతం మంది సమాచారం చివరిదాకా లేదు. రెండు గుంపుల మధ్య తేడా 1.8 శాతం. తెలియనివాళ్ళు 12 శాతం. ఆ తెలియనివాళ్ళలో మందు గుంపు నుంచి ఇంకొన్ని మరణాలు బయటపడితే ఆ తేడా నిలుస్తుందా? ఎవరూ గట్టిగా చెప్పలేకపోయారు. కంపెనీ మళ్ళీ వెనక్కి వెళ్ళి, వాళ్ళు బతికున్నారా లేదా అని దేశదేశాల్లో ఆరా తీసింది. 2014లోనూ అమెరికాలో కాదన్నారు. యూరప్‌లో మాత్రం 2013లోనే అనుమతి వచ్చింది. అంటే పనికిరాని మందని తేలలేదు. వచ్చిన అంకెను ఎంతవరకు నమ్మవచ్చో తేలలేదు.

తప్పిపోయేవాళ్ళు లాటరీలో చీటీ తీసినట్టు తప్పిపోరు, చిక్కంతా అక్కడే. చిగుళ్ళ నుంచి రక్తం కారి భయపడి మానేసినవాడు మందు గుంపులోనే ఎక్కువగా ఉంటాడు. ఒళ్ళు బాగుందని మానేసినవాడు ఏ గుంపులోనైనా ఉండొచ్చు. ఫోన్ ఎత్తనివాళ్ళలో చనిపోయినవాడూ ఉండొచ్చు. ఆయన నంబరు కొడుకు తీసేసి ఉంటాడు, మనం మాత్రం "స్పందన లేదు" అని రాసుకుంటూ పోతాం. ఆ మూడో మనిషి వల్లే నాకు నిద్ర పట్టడం లేదు. ట్రయల్‌లో ఉన్నవాళ్ళు మరణిస్తే 24 గంటల్లోపు స్పాన్సర్‌కు, పాల్గొనేవాళ్ళ క్షేమం చూసే ఎథిక్స్ కమిటీకి, డ్రగ్స్ కంట్రోలర్‌కు తెలపాలని మన దేశపు 2019 క్లినికల్ ట్రయల్ రూల్స్ చెబుతున్నాయి. 14 రోజుల్లో పూర్తి నివేదిక. మనకు కబురే అందకపోతే ఏం తెలుపుతాం?

ఇంటి దగ్గర పోయినవాళ్ళ సంగతి అనుకుంటే గోదావరి జిల్లాల పల్లెల్లో చేసిన పని గుర్తొస్తుంది. 45 ఊళ్ళలో 2003-04లో ఏడాది పాటు జరిగిన మరణాలన్నిటినీ లెక్కపెట్టారు, 1,354. పోస్టుమార్టాలు లేవు, చాలా ఇళ్ళలో డాక్టరు కాగితమే లేదు. శిక్షణ ఇచ్చిన ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి అడిగారు. నొప్పి ఎక్కడ మొదలైంది, చెమటలు పట్టాయా, ఆయాసం ఎన్నాళ్ళుంది, పడిపోయాక ఎంతసేపు ఉన్నారు అని. ఆ జవాబులు చదివి డాక్టర్లు కారణం నిర్ణయించారు. దాదాపు అన్ని మరణాలకూ ఆ విచారణ పూర్తిచేశారు. 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బులే అని తేలింది. పల్లెల్లో జ్వరాలతోనూ విరేచనాలతోనూ పోతారనుకునే రోజుల్లో అది మామూలు మాట కాదు. వాళ్ళు ఇంటి గడప దాకా వెళ్ళారు కాబట్టే తెలిసింది.

బతికి ఉండి మధ్యలో నొప్పి వచ్చినా మనకు చిక్కులే. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఇంజెక్షన్ చేస్తాడు, తర్వాత దగ్గర్లోని నర్సింగ్ హోమ్. డిశ్చార్జి కాగితంలో "హార్ట్ ఎటాక్" అని ఒక్క ముక్క. ఎవరు ఏ గుంపో తెలియని డాక్టర్ల కమిటీ దాన్ని చూసి గుండెపోటు అవునో కాదో తేల్చాలి. గుండెపోటుకు 2018లో ఇచ్చిన అంతర్జాతీయ నిర్వచనం ప్రకారం ట్రోపోనిన్ (గుండె కండరం దెబ్బతింటే రక్తంలోకి వచ్చే పదార్థం) పెరగడమో తగ్గడమో కనిపించాలి, అందులో కనీసం ఒక విలువ ఆ పరీక్షకు ఉన్న 99వ పర్సెంటైల్ హద్దు (ఆరోగ్యవంతుల్లో నూటికి 99 మంది దీని లోపే ఉంటారు) దాటాలి. దాంతో పాటు నొప్పి లాంటి లక్షణమో, ఈసీజీలో కొత్త మార్పో, ఎకోలో ఆధారమో ఉండాలి. కార్డు టెస్టు చేసి "పాజిటివ్" అని రాస్తే అంకె లేదు, అంకె లేకపోతే పెరిగిందీ తగ్గిందీ చూపలేం. అందుకే నర్సింగ్ హోమ్‌కు వెళ్ళినప్పుడు ల్యాబ్ రిజిస్టర్ దాకా వెళ్ళి, విలువ, తీసిన టైము, ఆ ల్యాబ్ వాడే హద్దు, మూడూ రాసుకురావాలి.

ఈసీజీ సంగతి ఇంకా బాధ. థర్మల్ కాగితం మీద తీస్తారు. మన ఎండలకు, ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచితే కొన్ని నెలల్లో గీతలు వెలిసిపోతాయి. భద్రంగా ఉంటుందని లామినేషన్ చేయిస్తే ఆ వేడికి అక్కడికక్కడే నల్లబడిపోతుంది. చేతికి రాగానే జిరాక్స్ తీయాలి, తేదీ, టైము, లీడ్ల పేర్లు కనిపించేలా. ఛాతీ మీద పెట్టే వీ2, వీ3 లీడ్లలో ఎస్‌టీ అనే గీత ముక్క ఎంత లేచిందన్నది నలభై దాటిన మగవాళ్ళకు 2 మిల్లీమీటర్లు, ఆడవాళ్ళకు 1.5 అని హద్దులున్నాయి. సగం వెలిసిన కాగితం మీద అర మిల్లీమీటరు తేడా ఎవరు చూడగలరు?

ఇక్కడిదాకా రాసి ఆపాను. అత్తయ్య నీళ్ళకని లేచి వచ్చి, సంగతి విని, "ఆయనకి రావాలని లేదేమోనమ్మా" అనేసి వెళ్ళిపోయారు. అత్తయ్య ఎప్పుడూ అంతే, ఒక్క మాటే అంటారు.

నిజమే. ఎప్పుడైనా, కారణం చెప్పకుండా మానేసే హక్కు ఆయనకుంది, మనం చేతికిచ్చిన కన్సెంట్ కాపీలోనే అది రాసి ఉంది. పొద్దున్నా రాత్రీ ఫోన్లు చేయాలని పైన అంత పట్టుగా రాశాను. మానేద్దామనుకున్న మనిషికి అవి వేధింపులు కావా? అయితే మానేయడమంటే మూడు రకాలు, ఎవరూ విడదీసి అడగరు. మందు ఆపేసి విజిట్లకు రావడం ఒకటి. విజిట్లు కూడా వద్దనుకుని, మూడు నెలలకోసారి ఫోన్‌లో "బాగానే ఉన్నాను" అని చెప్పడం రెండోది. ఇక నా గురించి ఏమీ అడగొద్దు అనడం మూడోది. మందు ఆపినవాడిని కూడా మొదట ఏ గుంపులో పడ్డాడో ఆ గుంపులోనే లెక్కేస్తాం, అందుకే మందు మానినా ఆయన కబురు విలువ తగ్గదు. చాలామంది మందు ఒక్కటే వద్దంటారు. మనవాళ్ళు "కన్సెంట్ వెనక్కి తీసుకున్నారు" అని రాసి మొత్తం తలుపు మూసేస్తారు. ఒక్క ఫోన్ చాలు, ఈ మూడింటిలో ఏది అని అడగడానికి. మూడోది అంటే ఆ రోజుతో ఆపేయాలి.

పదకొండింటికే రెండుసార్లు ఫోన్ చేసి వదిలేసిన ఆ కుర్రాడి మీద కోపం కూడా కాస్త తగ్గింది. అతని చేతిలో చాలా స్టడీలు, వేరువేరు పోర్టళ్ళు. ప్రొటోకాల్ (ట్రయల్ ఎలా జరగాలో చెప్పే పత్రం) రాసినవాళ్ళు విజిట్‌కు అటూ ఇటూ ఏడు రోజులే ఇచ్చారు. ఆ ఏడు రోజులు సరిగ్గా కోతల్లో పడితే రైతు రాడు, ఎవరొస్తారు? పాత ట్రయళ్ళు ఇంత చిక్కుగా ఉండేవి కావు. 1988లో ఫలితాలు ప్రకటించిన ఐసిస్-2 అనే గుండెపోటు ట్రయల్ వాళ్ళు 417 ఆసుపత్రుల్లో 17,187 మందిని చేర్చుకుని, కొందరికి రక్తపు గడ్డ కరిగించే స్ట్రెప్టోకైనేజ్ 15 లక్షల యూనిట్లు గంటలో ఎక్కించి, కొందరికి ఆస్పిరిన్ 162.5 ఎంజీ నెల రోజులు ఇచ్చి, కొందరికి రెండూ ఇచ్చి, కొందరికి ఏదీ ఇవ్వకుండా, ఐదు వారాలకు మరణాలు లెక్కపెట్టారు. రెండూ అందనివాళ్ళలో గుండె, రక్తనాళాల కారణంగా పోయినవారు 13.2 శాతం, రెండూ అందినవాళ్ళలో 8 శాతం. చాలా చిన్న ఫారం, అడగాల్సిన ప్రశ్న ఒక్కటి. ఈ రోజు దాకా ఛాతీ నొప్పితో వచ్చినవాడి చేత ఆస్పిరిన్ నమిలిస్తున్నామంటే ఆ బలం దాని వెనక ఉంది. ఇప్పటి ప్రొటోకాల్‌లో ప్రతి విజిట్‌కూ ప్రశ్నాపత్రాలు, అదనపు రక్తం గొట్టాలు. వాటిలో సగం ముఖ్య ఫలితానికి అక్కర్లేదు, పొద్దున్నే బస్సెక్కి వచ్చిన మనిషి మధ్యాహ్నం దాకా పరగడుపున కూర్చుంటాడు.

మంచి కూడా ఒకటి జరిగింది ఈ రోజు. కొల్లిపర వైపు నుంచి ఒక పెద్దమ్మ చివరి విజిట్‌కు వచ్చింది. గళ్ళ గుడ్డసంచిలో మందు డబ్బాలన్నీ, ఒక్కటీ పారేయకుండా. ప్రతి మూత మీదా కాటుక పెన్సిల్‌తో మొదలుపెట్టిన తేదీ. డబ్బాకు 100 మాత్రలు, 90 రోజులకు విజిట్, మిగలాల్సినవి 10. ఆమె చివరి డబ్బాలో 12 ఉన్నాయి, అంటే వేసుకోవాల్సినవాటిలో దాదాపు 98 శాతం వేసుకుంది. రెండు రోజులు మనవరాలి పెళ్ళిలో మరిచిపోయానని తనే చెప్పింది. డబ్బా పూర్తిగా ఖాళీగా వస్తేనే నాకు అనుమానం. 90 రోజుల్లో 100 మాత్రలు అయిపోయాయంటే ఎక్కడో ఒలికాయి, లేదా ఇంట్లో ఇంకెవరో వేసుకున్నారు.

రేపు స్పాన్సర్‌కు రాయబోయే ఉత్తరంలో మూడు అడుగుతాను. కోతల నెలల్లో విజిట్ వెసులుబాటు ఏడు రోజుల నుంచి ఇరవై ఒకటికి పెంచాలి. రక్తపరీక్ష లేని విజిట్లు ఫోన్‌లో చేయనివ్వాలి, మందు డబ్బా కొరియర్‌లో పంపనివ్వాలి. ప్రయాణ ఖర్చు నెలాఖరుకు బ్యాంకులో వేయడం కాకుండా, వచ్చిన రోజే చేతికి ఇవ్వాలి. వాళ్ళు ఒప్పుకుంటే ప్రొటోకాల్ సవరణగా ఎథిక్స్ కమిటీకి వెళ్ళాలి, కమిటీ ఆమోదం వచ్చేదాకా ఏదీ మార్చడానికి లేదు. ఈ సీజన్ అప్పటికి దాటిపోతుంది. కాంటాక్ట్ షీట్ మాత్రం మన చేతిలో పనే, రేపటి నుంచి చేరేవాళ్ళకు మూడు నంబర్లు లేకుండా నేను సంతకం పెట్టను.