హమామత్సులో తక్కువ డబ్బుతో ఆర్‌సీ డ్రిఫ్ట్

జపాన్ వచ్చిన రెండో ఏడాది జూన్‌లో జీతం స్లిప్ చూసి మనవాళ్లు చాలామంది కంగారుపడతారు. జూమిన్‌జే, అంటే స్థానిక పన్ను, కోయడం అప్పుడే మొదలవుతుంది. అంతకు ముందు ఏడాది ఆదాయంలో మినహాయింపులు పోగా మిగిలిన దాని మీద దాదాపు పది శాతం పోతుంది. మొదటి ఏడాది ఆ కోత ఉండదు కాబట్టి, అద్దె, ఇంటికి పంపే డబ్బు, ఊళ్లో చీటీ అన్నీ ఆ జీతాన్ని నమ్ముకునే మొదలుపెట్టి ఉంటాం. నేను హాకెన్ కంపెనీ (మనుషుల్ని వేరే సంస్థలకి పనికి పంపే కంపెనీ) తరఫున హమామత్సులో కార్ల విడిభాగాల డిజైన్ పని చేస్తున్నాను. ఆ ఏడాదే మా దగ్గర జాంగ్యో, అంటే ఓవర్‌టైమ్, కూడా తగ్గించారు. సాయంత్రాలు ఖాళీగా ఉండేవి, చేతిలో డబ్బు ఆడేది కాదు. ఆర్‌సీ డ్రిఫ్ట్, అంటే రిమోట్‌తో నడిచే చిన్న కారుని మలుపుల్లో అడ్డంగా జారిస్తూ నడిపే ఆట, నాకు పరిచయమైంది ఆ రోజుల్లోనే. డబ్బున్నవాళ్ల సరదా అనుకుని దూరంగా ఉండిపోయేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ఈ సరదాకి ఇంతకంటే మంచి చోటు దొరకదు. హమామత్సు సుజుకి కంపెనీ ఉన్న ఊరు, హోండా పుట్టిన ఊరు. ఆర్‌సీ కార్ల కిట్లు చేసే టమియా కంపెనీ ఉన్నది ఇదే ప్రిఫెక్చర్ (రాష్ట్రం లాంటిది)లోని షిజుయోకా నగరంలో. ఏటా మే నెలలో అక్కడి ట్విన్ మెస్సే అనే ప్రదర్శనశాలలో హాబీ షో జరుగుతుంది. మా ఇండోర్ సర్క్యూట్‌లో ఆదివారం కనిపించేవాళ్లలో ఫ్యాక్టరీల్లో పనిచేసి రిటైరైన పెద్దవాళ్లే ఎక్కువ. రోజంతా ఆడుకోవడానికి రుసుము రెండు వేల యెన్‌లు దాటదు.

ముందుగా ఒకటి అర్థం చేసుకోవాలి. రేసు కారుకి వేగం కావాలి, వేగానికి డబ్బు కావాలి. డ్రిఫ్ట్ కారుకి అది అక్కర్లేదు. గట్టి ప్లాస్టిక్ టైర్ల మీద కారు జారుతూనే ఉండాలి, ఎంత అడ్డంగా తిరిగి ఎంత నిలకడగా గీత మీద వెళ్లిందన్నదే లెక్క. అందుకే ఖరీదైన మోటారు కొన్నంత మాత్రాన ఎవరూ ముందుకు పోరు. టమియా కిట్లలో వచ్చే మామూలు 540 మోటారుతోనే నెలల తరబడి నేర్చుకోవచ్చు.

టమియా టీటీ-02డీ అనే నాలుగు చక్రాల డ్రైవ్ కిట్ చవక, గట్టిది, డ్రిఫ్ట్ టైర్లు దానితోనే వస్తాయి. అయినా సర్క్యూట్‌కి వెళ్లాలనుకునేవాళ్లకి నేను దాన్ని సిఫారసు చేయను. దాని ముందు చక్రాలు కూడా బండిని లాగుతాయి. ఇప్పుడు సర్క్యూట్లలో దాదాపు అందరూ వెనక చక్రాల డ్రైవ్ బళ్లే నడుపుతున్నారు, రెండూ మలుపులో ఒకే దారిన పోవు. జంటగా వెంటబడి నడిపే త్సుయిసోలో అసలు ఆనందం ఉంటుంది, అక్కడ ఒంటరైపోతారు. యోకోమో కంపెనీ వెనక చక్రాల డ్రైవ్ బండి వైడీ-2 లాంటిది సెకండ్ హ్యాండ్‌లో వెతకడం మేలు. 2016లో వచ్చిన ఛాసిస్ (బండి చట్రం), చాలామంది కొన్నారు, కొత్తవి రాగానే అమ్మేశారు, విడిభాగాలకి కొదవ లేదు. పాత సరుకు అమ్మే హాబీ ఆఫ్ దుకాణాల్లో జంక్ పెట్టెలు ఉంటాయి. గ్యారంటీ ఉండదు, వాపసు ఉండదు, కానీ ఓపిగ్గా వెతికితే ఛాసిస్ నుంచి పాత బాడీ దాకా చాలా దొరుకుతాయి.

ఛాసిస్‌లో మిగిల్చిన డబ్బు సర్వోలో (ముందు చక్రాలని తిప్పే చిన్న మోటారు), జైరోలో పెట్టాలి. వెనక చక్రాల బండి జారడం మొదలయ్యాక దాన్ని చేత్తో సరిదిద్దడం చాలా కష్టం, అంత త్వరగా తిరిగిపోతుంది. బండి ఎంత వేగంగా తిరుగుతోందో జైరో పసిగట్టి, ముందు చక్రాలని ఎదురు తిప్పమని సర్వోకి చెబుతుంది. సర్వో నెమ్మదిదైతే ఆ మాట ఆలస్యంగా అమలవుతుంది, బండి గిర్రున తిరిగి ఆగిపోతుంది. 60 డిగ్రీలు తిరగడానికి 0.10 సెకను, అంతకంటే తక్కువ పట్టే సర్వో చూసుకోండి. బిగించాక బండిని చేత్తో ఎత్తి, తోక భాగాన్ని ఎడమకి ఊపండి. ముందు చక్రాలు కూడా ఎడమకే తిరగాలి. కుడికి తిరిగితే జైరోలో దిశ మార్చాలి. గెయిన్ (జైరో ఎంత గట్టిగా సరిదిద్దాలో చెప్పే సెట్టింగ్) మరీ ఎక్కువ పెడితే చక్రాలు వణుకుతాయి, వణుకు ఆగేదాకా తగ్గిస్తూ రండి.

రిమోట్‌ని ఇక్కడ ప్రోపో అంటారు. విదేశీ సైట్లలో చవగ్గా కనిపించిందని తెప్పించుకోవద్దు. జపాన్‌లో వాడే రేడియో పరికరాల మీద గితెకి అనే ఆమోద గుర్తు ఉండాలి, లేకుండా వాడడం చట్టవిరుద్ధం. వీసా మీద బతుకుతున్న మనం అలాంటి చిక్కు కొనితెచ్చుకోకూడదు. పాతదైనా ఇక్కడిదే కొనండి.

టైర్ల సంగతి. ఈ ఆట మొదలైన రోజుల్లో ఇక్కడివాళ్లు పీవీసీ పైపు ముక్కలు కోసి చక్రాలకి తొడిగేవారట. హోమ్ సెంటర్‌లో పైపు కొని నేనూ అలాగే చేశాను, అనుమతి తీసుకుని మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో సాధన చేశాను. సర్క్యూట్‌లో మాత్రం వాళ్లు చెప్పిన టైరే వేయాలి. అది అందరికీ ఒకటే కావడం డబ్బు తక్కువున్నవాడికి పెద్ద ఊరట.

నాన్న ఒకసారి ఫోన్‌లో అడిగారు, "ఏరా, పని చేసేదీ కార్లతోనే, ఆడేదీ కార్లతోనేనా?" అని. "అది వేరు నాన్నా. ఆఫీసులో ఒక బ్రాకెట్ వరకే నాది. ఇక్కడ బండి మొత్తం నాదే" అన్నాను. హాకెన్ పనిలో ఉన్నవాళ్లకి ఈ మాట తెలుస్తుంది. ఎన్ని డ్రాయింగ్‌లు గీసినా, ఆ భాగం వెళ్లి ఏ కారులో కూర్చుందో, ఎలా పనిచేసిందో మన దాకా రాదు. ఇక్కడ క్యాస్టర్ (ముందు చక్రాల స్టీరింగ్ ఇరుసు వెనక్కి వాలే కోణం) ఒక డిగ్రీ మారిస్తే, వచ్చే మలుపులోనే జవాబు చేతికి తెలుస్తుంది.

ఆఫీసులో నా జపనీస్ మెయిల్ భాష దాటేది కాదు. సర్క్యూట్‌లో నోరు విప్పక తప్పదు. బండి తెచ్చుకోవడానికి ట్రాక్‌లో అడుగుపెడితే "కోసు హాయిరిమాస్" (ట్రాక్‌లోకి వస్తున్నా) అని గట్టిగా చెప్పాలి, అందరూ బళ్లు నెమ్మది చేస్తారు. పక్క బల్ల దగ్గర కూర్చునే పెద్దాయన నా బండి డంపర్లు (కుదుపులు ఆపే ఆయిల్ గొట్టాలు) విప్పి, ఆయిల్‌లో గాలి బుడగలు ఎలా తీయాలో ఒక సాయంత్రమంతా చూపించారు. డబ్బు మాట ఎత్తితే ఆయనకి కోపం వచ్చింది. తర్వాతి వారం పులిహోర పట్టుకెళ్లాను, గిన్నె మొత్తం ఖాళీ చేశారు.

బ్యాటరీ విషయంలో మాత్రం పొదుపు చూడకండి. 7.4 వోల్టుల లైపో (ఒక రకం లిథియం బ్యాటరీ) వాడేవాళ్లు మంచి ఛార్జర్ కొనండి, వారాల తరబడి పక్కన పెట్టేటప్పుడు ఒక్కో సెల్ 3.8 వోల్టుల దగ్గర ఉంచండి. విమానంలో ఇండియాలో ఇంటికి తీసుకెళ్తే బ్యాటరీ చేతి సంచిలోనే ఉండాలి, చెకిన్ లగేజీలో విడి లిథియం బ్యాటరీ పెట్టనివ్వరు. 4000 ఎంఏహెచ్ ప్యాక్ 30 వాట్ అవర్ల లోపే, విమానాల్లో ఉండే 100 వాట్ అవర్ల పరిమితికి చాలా తక్కువ. బండి తీసుకెళ్లడం దండగ కాదు. మన ఇళ్లలో వేసే పాలిష్ గ్రానైట్ గచ్చు ఈ గట్టి టైర్లకి బాగా సరిపోతుంది. హాల్లో సోఫాలు జరిపి, మూలల్లో నాలుగు చెప్పులు పెడితే ట్రాక్ సిద్ధం.